వరదలో మునిగిన కారు, ఎస్టిమేట్‌లో ఒకే ఒక్క లైన్: బ్యాటరీ మార్పిడి ఖర్చుపై ఒక సర్వేయర్ ఫైలు

వర్క్‌షాప్ ఇచ్చిన ఎస్టిమేట్ మొత్తం రూ. 10,28,000. అందులో ఒక్క బ్యాటరీ ప్యాక్‌కే రూ. 6,85,000. కారు ఐడీవీ, అంటే పాలసీ ప్రకారం దాని విలువ, రూ. 10,15,000. బాగుచేసే ఖర్చు కారు విలువనే దాటేసింది. ఫైలు నా దగ్గరికి వచ్చేసరికే పైన పెన్సిల్‌తో ‘టోటల్ లాస్’ అని రాసి ఉంది.

ఆ బ్యాటరీ లైన్ ఒక్కటి తీసి చూస్తే మిగిలేది రూ. 3,43,000. ఐడీవీలో మూడో వంతు. సాదాసీదా రిపేరు క్లెయిమ్. కారు రోడ్డెక్కాలా తుక్కుకు పోవాలా అన్నది ఆ లైన్ మీదే ఉంది. అది రాసేముందు ప్యాక్‌ను ఎవరూ పరీక్షించలేదు. కారు కంప్యూటర్‌ను చదివే స్కాన్ టూల్‌లో ఒక లోపం కోడ్ వచ్చింది, దాన్ని చూసి రాసేశారు.

నేను మోటారు సర్వేయర్‌ని. రూ. 50 వేలు దాటిన మోటారు నష్టాన్ని లైసెన్సున్న సర్వేయర్ చూసి అంచనా కట్టాలన్నది నియమం కాబట్టి ఇలాంటి ఫైళ్లు మా దగ్గరికి వస్తాయి. ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుందని అడిగేవాళ్లు ఎక్కువ. అసలు మార్చాల్సిన అవసరం ఉందా అని ముందు అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండో ప్రశ్నకు జవాబు కొలవకుండా మొదటిదానికి జవాబు చెబితే ఎంత డబ్బు పోతుందో ఈ ఫైలులో అంకెలతో సహా ఉంది. అందుకే పూర్తిగా రాస్తున్నాను. యజమాని వివరాలు, కారు కంపెనీ, వర్క్‌షాప్, బీమా కంపెనీ పేర్లు ఇవ్వడం లేదు.

కారు, నీళ్లు

2024 ఆగస్టు 31న కురిసిన వానకు, బుడమేరుకు పడిన గండ్లకు సెప్టెంబర్ 1 ఆదివారం తెల్లారేసరికి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఆ ఉధృతిలో బుడమేరు నీళ్లు కృష్ణలోకి పోలేకపోయాయి. కాలనీల్లో నీళ్లు గంటల్లో దిగిపోలేదు, రోజుల తరబడి నిలబడిపోయాయి. ఈ కేసులో ‘రోజుల తరబడి’ అన్నదే కీలకం.

యజమాని ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. 2022 జనవరిలో కొన్న ఎలక్ట్రిక్ కారు. 30 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ప్యాక్, 320 వోల్టులు, కారు ఫ్లోర్ కింద బిగించింది. ఇంటి గేటు లోపల పెట్టిన కారు నాలుగు రోజులు నీళ్లలో ఉంది. తలుపుల మీద బురద గీత సీటు అడుగు వరకూ ఉంది. నేల నుంచి కొలిస్తే 70 సెంటీమీటర్లు.

ఆవిడ చేసిన ఒక మంచి పని ఇక్కడే చెప్పాలి. నీళ్లు తీశాక చుట్టుపక్కలవాళ్లు ‘ఒకసారి ఆన్ చేసి చూడండి టీచర్ గారూ, లైట్లు వెలుగుతున్నాయేమో’ అన్నారట. చేయలేదు. చార్జింగ్ పెట్టి కూడా చూడలేదు. వరద నష్టం పాలసీలో ఉంటుంది గానీ, తడిసిన కారును స్టార్ట్ చేయడం వల్ల తర్వాత పెరిగిన నష్టాన్ని బీమా కంపెనీలు ‘పర్యవసాన నష్టం’ అని పక్కన పెడతాయి. పెట్రోలు కారులో నీళ్లు ఇంజిన్‌లోకి పీల్చుకున్న కేసుల్లో ఏళ్లుగా జరుగుతున్న తగాదా ఇదే. ఎలక్ట్రిక్ కారులో దాని బదులు చార్జింగ్ ప్లగ్ వస్తుంది. ఆవిడ దాన్ని ముట్టుకోకపోవడం వల్ల ఆ వాదనకు తావే లేకుండా పోయింది.

టోటల్ లాస్ అయితే ఎవరికి ఎంత

బాగుచేయడానికయ్యే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కగడతారు. ఈ కారుకు ఆ గీత రూ. 7,61,250. ఎస్టిమేట్ దాన్ని ఎప్పుడో దాటిపోయింది.

‘అయితే నాకు పది లక్షలు వస్తాయి కదా సార్, పోనీలెండి’ అని ముందు ఆవిడే అన్నారు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. బ్యాంకు లోను ఇంకా రూ. 6,20,000 ఉంది. పాలసీలో బ్యాంకు పేరు ఉంది కాబట్టి ముందు వాళ్లది వాళ్లకు పోతుంది. చేతికొచ్చేది నాలుగు లక్షలకు కాస్త తక్కువ. కారు ఉండదు. అలాంటి కారే మళ్లీ కొనాలంటే కొత్త లోను మొదటి కిస్తీ నుంచి మొదలు. జీరో డెప్, అంటే తరుగుదల కోత లేని కవర్, ఉంది గదా అంటారు. జీరో డెప్ రిపేరు బిల్లులో పనిచేస్తుంది, టోటల్ లాస్‌లో ఐడీవీని ఒక్క రూపాయి కూడా పెంచదు. అలా పెంచేది రిటర్న్ టు ఇన్వాయిస్ అనే మరో కవర్. ఆవిడ తీసుకోలేదు. ఎవరూ చెప్పలేదన్నారు, నమ్ముతాను.

బీమా కంపెనీ వైపు నుంచి చూస్తే రూ. 10,15,000 ఇవ్వాలి. తడిసిన కారు ఉన్నది ఉన్నట్టు కొనడానికి వచ్చిన ఆఫర్ రూ. 2,60,000. నికరంగా వాళ్ల జేబులోంచి పోయేది రూ. 7,55,000.

అంటే టోటల్ లాస్ వల్ల లాభపడేది యజమానీ కాదు, కంపెనీ కాదు.

6,85,000 ఎక్కడి నుంచి వచ్చింది

ఈ అంకె చూసి వర్క్‌షాప్ మోసం చేస్తోందనుకోవడం తేలిక. అది నిజం కాదు. కారు కంపెనీ విడిభాగాల పట్టికలో ఉన్న ధరే వాళ్లు వేశారు. ఆ ధర ఎలా తయారవుతుందో చూడాలి.

ప్రపంచవ్యాప్తంగా బ్యాటరీ ప్యాక్ ధరల మీద ఏటా వచ్చే బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ సర్వే 2023కి యూనిట్ సామర్థ్యానికి సగటున 139 డాలర్లు అంది. 2024కి అది 115కి దిగింది. వరద సమయానికి చేతిలో ఉన్న 139 తోనే లెక్కవేసినా, 30 యూనిట్ల ప్యాక్ అప్పటి మారకంలో మూడున్నర లక్షల రూపాయలు. అది లక్షల్లో కొనే తయారీదారులకు పడే టోకు ధర, మన కౌంటర్‌లో దొరికేది కాదు. విడి ప్యాక్‌ను కంపెనీ ఒకటీ అరా తెప్పించి గోదాములో ఉంచాలి. లిథియం బ్యాటరీని రవాణాలో 9వ తరగతి ప్రమాదకర సరుకుగా చూస్తారు కాబట్టి ప్యాకింగ్, లారీ ఖర్చు వేరు. డీలరు మార్జిన్ వేరు. కొత్తగా బిగించిన ప్యాక్‌కి మళ్లీ వారంటీ ఇవ్వాలి, ఆ ముప్పు కూడా ధరలోనే కలుస్తుంది.

ఆ పైన పన్ను. ఎలక్ట్రిక్ కారు కొన్నప్పుడు దానికి జీఎస్టీ 5 శాతం, ఆ కారులో ఉన్న బ్యాటరీకీ అదే. అదే బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. 2018 జులైకి ముందైతే 28. రూ. 6,85,000లో పన్నే దాదాపు రూ. 1,04,500. కారుతో పాటు కొన్నట్టు 5 శాతమే పడి ఉంటే రూ. 75 వేలకు పైగా తగ్గేది. బ్యాటరీ మార్పిడి ఖర్చు గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్క ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు. కొత్త కారుకు ఇచ్చిన రాయితీ, పాత కారును నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకు లేకపోవడం అన్యాయం.

ఇంకో సంగతి. పట్టికలో ప్యాక్ మొత్తానికి ఒకే ధర ఉంది. లోపలి మాడ్యూళ్లకు (సెల్స్ గుంపులు), సెల్స్‌ను కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ బోర్డుకు, కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లైన కాంటాక్టర్లకు విడిగా నంబర్లే లేవు. లోపల ఏ చిన్న భాగం పాడైనా డీలర్ కంప్యూటర్‌లో దొరికే మందు ఒకటే, మొత్తం ప్యాక్.

కోడ్ చెప్పింది, చెప్పనిది

స్కాన్‌లో వచ్చింది ఇన్సులేషన్ లోపం కోడ్. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ కరెంటుకు, కారు బాడీకి సంబంధం ఉండకూడదు. పెట్రోలు కారులో బ్యాటరీ మైనస్ బాడీకే బిగించి ఉంటుంది గానీ, 320 వోల్టుల దగ్గర ఆ పని చేస్తే బాడీ ముట్టుకున్నవాళ్లకు ప్రమాదం. ఆ రెండింటి మధ్య ఎంత నిరోధం ఉండాలో ప్రమాణాలు చెబుతాయి. డీసీ మాత్రమే అయితే వోల్టుకు 100 ఓమ్‌లు, మోటారు ఏసీ కూడా దానికి కలిసి ఉంటే వోల్టుకు 500 ఓమ్‌లు. 500 అంటే ఒంట్లోంచి పోయే కరెంటు 2 మిల్లీ ఆంపియర్లకు మించదు. మన 320 వోల్టుల కారుకు ఆ గీత 160 కిలోఓమ్‌లు. కొత్త కారులో ఇది మెగాఓమ్‌లలో ఉంటుంది. స్కాన్ టూల్ చూపించిన అంకె 83 కిలోఓమ్‌లు.

లీకేజీ ఉంది, సందేహం లేదు. ఎక్కడ ఉందన్నది కోడ్ చెప్పదు. ఆరెంజ్ రంగు కేబుళ్లతో కలిసిన ప్రతి వస్తువూ ఆ 83లో భాగమే: బ్యాటరీ, మోటారు కంట్రోలర్, ఆన్‌బోర్డ్ చార్జర్, ఏసీ కంప్రెసర్, హీటర్, వాటి మధ్య కనెక్టర్లన్నీ. వీటిలో ఏ ఒక్కచోట తడి ఉన్నా మొత్తం రీడింగ్ పడిపోతుంది. కారు మునిగింది, బ్యాటరీ అన్నిటికన్నా కిందుంది, కాబట్టి బ్యాటరీయే అని వర్క్‌షాప్ అనుకుంది. అనుకోవడం సహజమే. ఏడు లక్షల లైన్ రాయడానికి అది చాలదు.

ప్యాక్ మీద ఐపీ67 అని ఉంది. ఒక మీటరు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరకూడదని దాని అర్థం. యజమానులు ఈ ముద్ర చూసి ధీమా పడతారు. నాలుగు రోజుల మురుగునీటికి ఆ పరీక్ష హామీ ఇవ్వదు. అలాగని అరగంట దాటగానే నీళ్లు దూరిపోతాయనీ కాదు. కొలిస్తేనే తెలుస్తుంది.

కొలతలు

ముందు ఖర్చులేని పని. 12 వోల్టుల బ్యాటరీ తీసి, సర్వీస్ ప్లగ్ లాగి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, వెయ్యి వోల్టుల గ్లోవ్స్ వేసుకున్న టెక్నీషియన్ ప్యాక్ నుంచి కారుకు వెళ్లే ప్రధాన కనెక్టర్‌ను విడదీశాడు. ఇప్పుడు రెండు సర్క్యూట్లు వేరయ్యాయి. కారు వైపు, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టాం. 84 కిలోఓమ్‌లు.

మొత్తం కలిపితే 83, కారు వైపు మాత్రమే 84. రెండు నిరోధాలు సమాంతరంగా ఉన్నప్పుడు మొత్తం ఏ ఒక్కదానికన్నా తక్కువే ఉంటుంది. మొత్తం దాదాపు కారు వైపుదానికే సమానమైందంటే, రెండోవైపు, అంటే ప్యాక్ వైపు నిరోధం చాలా పెద్దదై ఉండాలి. లీకేజీ దాదాపు అంతా కారు వైపే ఉంది. అక్కడి నుంచి ఒక్కో వస్తువు ప్లగ్ తీస్తూ పోయారు. కంప్రెసర్ తీస్తే రీడింగ్ కాస్త మారింది. బానెట్ కింద అడుగున ఉన్న ఆన్‌బోర్డ్ చార్జర్ తీయగానే 3 మెగాఓమ్‌లు దాటింది. దాని కనెక్టర్ నిండా ఒండ్రు మట్టి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ‘అయితే ప్యాక్ వైపు కూడా మెగ్గర్ పెట్టేస్తే అయిపోతుంది కదా’ అని వర్క్‌షాప్ మేనేజర్ అన్నాడు. అయిపోదు. కారు ఆపి ఉన్నప్పుడు ప్యాక్ లోపలి కాంటాక్టర్లు తెరుచుకుని ఉంటాయి. బయటి టెర్మినళ్లకు, సెల్స్‌కు మధ్య తెగిపోయి ఉంటుంది. అక్కడ ఎంత మంచి రీడింగ్ వచ్చినా అది కనెక్టర్ సంగతే చెబుతుంది, వెనకున్న వంద సెల్స్ సంగతి చెప్పదు. ఆ రీడింగ్ చూసి ప్యాక్ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఉన్నారు. ప్రాణాల మీదికి తెచ్చే సర్టిఫికెట్ అది.

సెల్స్ దాకా కొలవాలంటే ప్యాక్ దింపి, బెంచ్ మీద కంపెనీ టూల్‌తో కాంటాక్టర్లు మూసి, వోల్టేజీ పద్ధతిలో కొలవాలి. ప్లస్ నుంచి ప్యాక్ పెట్టెకు, మైనస్ నుంచి పెట్టెకు వోల్టేజీలు చూసి, విలువ తెలిసిన రెసిస్టర్ ఒకటి కలిపి మళ్లీ చూసి, ఆ తేడాతో ఇన్సులేషన్ లెక్కగడతారు. దీనికి కంపెనీ బ్యాటరీ ఇంజనీర్ రావాలి. ఖర్చు: దింపడం, మళ్లీ ఎక్కించడం, గాలి లీకేజీ పరీక్ష, బెంచ్ పరీక్ష, కొత్త గాస్కెట్, సీళ్లు, అన్నీ కలిపి రూ. 46,000.

ఆ డబ్బు ఎవరు పెట్టాలి? ప్యాక్ పాడైందని తేలితే ఆ 46 వేలు వృథా అని బీమా కంపెనీ క్లెయిమ్స్ విభాగం వాదన. నేను రాసిన మెయిల్‌లో లెక్క ఇది. టోటల్ లాస్‌లో నికర ఖర్చు రూ. 7,55,000. ప్యాక్ బాగుంటే రిపేరు, పరీక్ష కలిపి రూ. 3,89,000. మిగులు రూ. 3,66,000. ఇలా మునిగిన ఎనిమిది కార్లలో ఒక్కదాని ప్యాక్ బాగున్నా చాలు, ఎనిమిదింటికీ పెట్టిన పరీక్ష ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. పైగా కారు వైపు రీడింగ్ ఇప్పటికే మనకు అనుకూలంగా ఉంది. రెండు రోజుల్లో అనుమతి వచ్చింది.

ప్యాక్ దింపారు. కింది రేకు మీద బురద తప్ప దెబ్బల్లేవు. ప్యాక్‌కు గాలి ఆడే రంధ్రం (బ్రీథర్) మూసి కొద్దిపాటి గాలి ఒత్తిడి ఇచ్చి చూస్తే, కంపెనీ పెట్టుకున్న హద్దులోనే నిలిచింది. ఆ ఒక్క ఫలితంతోనే నాకు సగం భారం తీరింది. మూత విప్పారు. లోపల నీటి చారలు లేవు, సెల్స్‌ను కలిపే బస్‌బార్ల మీద తుప్పు లేదు. బయటవైపు ఉన్న చిన్న సిగ్నల్ కనెక్టర్ పిన్నుల మీద మాత్రం పచ్చటి చిలుము పట్టింది. బెంచ్ మీద ఇన్సులేషన్ 6.2 మెగాఓమ్‌లు. 6.2 మెగా, 84 కిలో సమాంతరంగా పెట్టి లెక్కవేస్తే 83 కిలోఓమ్‌లకు కాస్త తక్కువ వస్తుంది. మొదటి రోజు స్కాన్ చూపించింది అదే.

తర్వాత సెల్స్. నిలకడగా ఉన్నప్పుడు వంద సెల్స్‌లో ఎక్కువకూ తక్కువకూ తేడా 13 మిల్లీవోల్టులు. దీన్ని చూసి సంబరపడకూడదు. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజీ చార్జింగ్ 20 శాతం దగ్గర నుంచి 90 దాకా దాదాపు ఒకేలా సాగుతుంది. మధ్యలో కొలిస్తే బలహీనమైన సెల్ కూడా బాగున్నదానిలాగే కనిపిస్తుంది. పూర్తిగా చార్జి చేసి, చివర్లో వోల్టేజీ నిట్టనిలువుగా లేచేచోట చూడాలి. అక్కడ తేడా 38 మిల్లీవోల్టులు. అన్నీ కలిసే పైకి వచ్చాయి. పూర్తి చార్జి నుంచి ఖాళీ చేసి కొలిస్తే 27.3 యూనిట్లు ఇచ్చింది. 30కి 91 శాతం. రెండేళ్ల ఎనిమిది నెలలు విజయవాడ ఎండల్లో తిరిగిన బ్యాటరీకి అది ఆరోగ్యకరమైన అంకె.

ఒప్పించాల్సింది ఇంకొకరిని

యజమాని సంతోషించారు, బీమా కంపెనీ సరేనంది. వర్క్‌షాప్ వెనకాడింది. ‘మునిగిన ప్యాక్ మళ్లీ ఎక్కించి పంపిస్తే, రేపు ఏదైనా జరిగితే బాధ్యత మాదే కదా సార్’ అన్నాడు మేనేజర్. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయన్ తుపాను తర్వాత మునిగిన ఎలక్ట్రిక్ కార్లు రోజుల తర్వాత తగలబడ్డాయి. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ మునిగిన కారును ఇతర కట్టడాలకు 50 అడుగుల దూరంలో ఉంచమంటుంది. అది సముద్రపు నీరు. ఉప్పు నీరు సెల్స్ మధ్య కరెంటుకు దారి ఇస్తుంది, ఎండాక కూడా ఉప్పు పొర మిగిలి పని చేస్తూనే ఉంటుంది. బుడమేరు మంచినీరే గానీ దాంట్లో కాలనీల మురుగంతా కలిసి ఉంది. ఇదే కారు విశాఖ బీచ్ రోడ్డులో ఉప్పెన నీళ్లలో మునిగి ఉంటే, బాగుందని తేలినా మళ్లీ ఎక్కించమని అంత గట్టిగా అడిగేవాణ్ని కాదేమో.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. ప్యాక్‌కు కొత్త గాస్కెట్, కొత్త సీళ్లు, సిగ్నల్ కనెక్టర్ మార్పు, మళ్లీ గాలి లీకేజీ పరీక్ష. కారు బయట ఖాళీ స్థలంలో రెండు వారాలు నిలిపి, రోజూ ఇన్సులేషన్, సెల్ వోల్టేజీలు రాసుకోవడం. ఆ తర్వాతే అప్పగింత. తయారీ లోపాలకు ప్యాక్ అసలు వారంటీ యథాతథంగా కొనసాగుతుందని కారు కంపెనీ నుంచి రాతపూర్వకంగా ఒక లేఖ. ఆ లేఖ కోసం నేను పట్టుబట్టాను. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. ఈ కారుకు ఇంకా ఐదేళ్లకు పైగా మిగిలి ఉంది. వరదలో మునిగిందన్న ఒక్క మాటతో అది పోతే, ఈ రోజు మిగిల్చిన ఏడు లక్షలు రేపు ఆవిడ నెత్తినే పడతాయి.

ఫైనల్ బిల్లు రూ. 3,89,000. జీరో డెప్ ఉంది కాబట్టి తరుగుదల కోత లేదు. కూలెంట్, క్లిప్పులు లాంటి వాడకపు సామానుకు రూ. 6,400, పాలసీదారు భరించాల్సిన తప్పనిసరి వాటా (ఎక్సెస్) రూ. 2,000 పోగా బీమా కంపెనీ రూ. 3,80,600 కట్టింది. ఆవిడ చేతి నుంచి పడింది రూ. 8,400.

జీరో డెప్ లేకపోతే

ఈ భాగం పాలసీ కొనేవాళ్ల కోసం. సర్వేయర్లు ఇప్పటికీ వాడే తరుగుదల పట్టిక 2002 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్‌లోది. అందులో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, ట్యూబులు, బ్యాటరీలు, ఎయిర్‌బ్యాగ్‌లకు 50 శాతం కోత. ఇనుప భాగాలకైతే కారు వయసును బట్టి, ఈ కారు వయసుకు 15 శాతం.

అప్పట్లో బ్యాటరీ అంటే బానెట్ కింది నాలుగైదు వేల రూపాయల లెడ్ యాసిడ్ బ్యాటరీ. మన రోడ్ల మీద ఎలక్ట్రిక్ కారంటే అప్పుడే బెంగళూరులో బయల్దేరిన రేవా, దాంట్లోనూ లెడ్ యాసిడే. మూడు నాలుగేళ్లకు అరిగిపోయే వస్తువుకు సగం కోత న్యాయమే. ఎనిమిదేళ్ల వారంటీ ఉన్న, కారు ధరలో పెద్ద వాటా అయిన ప్యాక్‌ను అదే లైన్ కిందికి తెచ్చి సగం కోస్తే, ఈ కేసులో రూ. 3,42,500 యజమాని మీద పడేది. 91 శాతం సామర్థ్యం ఉందని కొలిచిన వస్తువుకు 50 శాతం తరుగుదల అని నేను ఏ రిపోర్టులోనూ మనస్ఫూర్తిగా రాయలేను. ట్రాక్షన్ బ్యాటరీకి, అంటే కారును నడిపే ప్రధాన బ్యాటరీకి, కొలిచిన ఆరోగ్యాన్ని బట్టి తరుగుదల వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. అది వచ్చేదాకా ఎలక్ట్రిక్ కారున్నవాళ్లు జీరో డెప్ లేకుండా పాలసీ తీసుకోవద్దు. తీసుకున్నా, అందులో ప్రధాన బ్యాటరీ ఉందా, మినహాయించారా అన్నది కాగితంలో చూసుకోవాలి. ఏజెంటు మాట చాలదు.

అదే వరదలో ఇంకో కారు

అన్ని కార్ల కథా ఇలా ముగియలేదు. ఆ వారాల్లోనే చూసిన మరో కారు ప్యాక్ కింద పాత దెబ్బ ఉంది. ఎప్పుడో స్పీడ్ బ్రేకర్‌కు తగిలి రేకు లోపలికి నొక్కుకుని, అంచున సీల్ విడిపోయింది. గాలి పరీక్షలో ఒత్తిడి నిలవనే లేదు. మూత విప్పితే అడుగున నీళ్లు, కింది వరస సెల్ టెర్మినళ్ల మీద తెల్లటి పొర. దానికి ప్యాక్ మార్చాల్సిందే, లెక్క ఐడీవీ దాటింది, టోటల్ లాస్ అని నేనే రాశాను.

అలాంటి ప్యాక్ ఎక్కడికి పోతుందన్నది బిల్లులో కనిపించదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం అది రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు చేరాలి. ఎల్‌ఎఫ్‌పీలో నికెల్, కోబాల్ట్ ఉండవు కాబట్టి తుక్కుగా దానికి పెద్ద ధర రాదు. అదే ప్యాక్‌ను విప్పి ‘బాగున్న’ సెల్స్ ఏరి ఇన్వర్టర్లకు, ఆటోలకు అమ్మితే ఎక్కువ వస్తుంది. నీళ్లలో నానిన సెల్స్ ఒక ఇంటి హాల్లో ఇన్వర్టర్ కింద చేరడం నాకు నిద్ర పట్టనివ్వని విషయం. అందుకే ఆ ఫైలులో, కారు వేలం నుంచి ప్యాక్‌ను విడదీసి, రీసైక్లర్ ఇచ్చిన రసీదు జత చేశాకే సాల్వేజ్ (పాడైన కారు అమ్మకం) పూర్తయినట్టు రాయాలని షరతు పెట్టాను. దానివల్ల సాల్వేజ్ ధర కొంత తగ్గింది. బీమా కంపెనీ ఒప్పుకుంది.

టీచర్ గారి కారును 2025 మార్చిలో సర్వీసుకు వచ్చినప్పుడు మళ్లీ చూశాం. ఇన్సులేషన్ 5 మెగాఓమ్‌ల పైనే ఉంది, సెల్స్ మధ్య తేడా పెరగలేదు. అంతకుముందు జనవరిలో పాలసీ రెన్యూవల్‌కు ఆవిడ ఫోన్ చేశారు. రిటర్న్ టు ఇన్వాయిస్ అడిగితే కారుకు మూడేళ్లు నిండాయని ఆ కంపెనీ ఇవ్వలేదు. బ్యాటరీ కవర్ దొరికింది. నీరు చేరడం, చార్జింగ్‌లో ఉండగా వోల్టేజీ హెచ్చుతగ్గులు, ఈ రెండూ షరతుల్లో పేరుపెట్టి ఉన్నాయో లేదో చదివి వినిపించమన్నాను. మొదటిది ఉంది. రెండోది ఇంట్లో కారు కంపెనీ బిగించిన చార్జర్ వాడితేనే వర్తిస్తుందట. ఆవిడ మామూలు 15 ఆంప్ సాకెట్ వాడుతున్నారు. చార్జర్ బిగించాక కొత్త పాలసీ మొదలయ్యేలా తేదీ మార్పించుకున్నారు, పాతది ముగియడానికి ఇంకా వారం ఉండగానే.